పురుగు కబురు ముందే అందాలి

వ్యవసాయ పరిశోధనకు ప్రభుత్వం నిధులు పెంచాలని మీ పత్రికలో రాశారు, నిజమే, కానీ డబ్బు ఒక్కటే చాలదండీ. మాది గుంటూరు దగ్గర పల్లె, మిర్చి వేస్తాం. నల్ల తామర పురుగును మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు, అయినా 2021లో అది మన మిర్చి పూతను పట్టి తోటలకు తోటలే పీకేయించేదాకా మా ఊళ్లో ఎవరికీ దాని సంగతే తెలియదు, మందుల కొట్లో ఏ డబ్బా ఇస్తే అదే పిచికారీ చేశాం. మన శాస్త్రవేత్తలకు సత్తా లేక కాదు, బాపట్లలో తయారైన సాంబమసూరి వరి 1986 నుంచి ఇప్పటికీ పొలాల్లో ఉంది. పరిశోధన కేంద్రాల్లో ఖాళీ పోస్టులు నింపండి, ప్రయోగాలు గుంటూరు పక్కనున్న లాం పరిశోధన ఫారం గట్టు దాటించి మా చేలల్లో కూడా పెట్టండి, కొత్త పురుగు పక్క రాష్ట్రంలో కనపడగానే మాకు చెప్పండి.