కారు తుడిచే గుడ్డగారికి పదవీ విరమణ ఉత్తర్వు

మహారాజశ్రీ తుడుపుగుడ్డ గారికి,

విశాఖపట్నం పెదవాల్తేరు నుండి మీ యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, 2012లో మేము మెరూన్ రంగు కారు కొని, ఊరి ఆనవాయితీ ప్రకారం ఆశీలుమెట్ట సంపత్ వినాయగర్ గుడి ముందు నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చిన సాయంత్రమే, బానెట్ మీది పసుపు కుంకుమలు తుడవడానికి మీ నియామకం జరిగింది. అంతకుముందు మీరు మా మామగారి కాటన్ చొక్కాకు వీపు భాగంగా ఉండేవారు. పదేళ్లు ఉతికిన బట్ట గనుక మెత్తగా ఉంటుందన్నదే మీ అర్హత. మీ అంచున మిగిలిన మడతకుట్టును ఆనాడు ఎవరూ పరిశీలించలేదు.

ఆనాటి నుండి సెలవన్నది లేకుండా, చుక్క నీరు కోరకుండా, ప్రతి ఉదయం మీరు నా చేతిలో గుండ్రంగా తిరిగారు. కాఫీ తాగే ముందే కారు తుడిచే మనిషినని అపార్ట్‌మెంటులో నాకు గొప్ప పేరు వచ్చింది; ఆ పేరులో సగభాగం మీదే. అయితే మనం తుడుస్తున్నది ఉత్త దుమ్ము కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకవైపు సముద్రం నుండి ఉప్పుతేమ, ఇసుక. మరోవైపు జ్ఞానాపురం వాసులు కిటికీలు మూసుకున్నా తప్పించుకోలేని పోర్టు బొగ్గు పొడి, ఇనుప ఖనిజపు పొడి. రాత్రి మంచుకు ఇవన్నీ కలిసి బానెట్ మీద పలచని పూతలా పేరుకుంటే, తెల్లవారగానే మనమిద్దరం దానిని కారు నిండా శ్రద్ధగా నూరేవాళ్లం. ఇసుకలోని క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, పదివరకు లెక్కించే మోస్ కొలమానంలో 7. రంగు మీద కాపలాగా ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, దానికి ఏ మూలకూ చాలదు.

మీ సేవల్లో శిఖరమని చెప్పదగినది 2014 అక్టోబరు 12 తరువాతి వారం. హుద్‌హుద్ తుపాను పోయాక కరెంటు లేదు, నీళ్లకు బిందెలతో వరుసలు కట్టాం. చెట్లు విరిగి పడినా దెబ్బ తగలకుండా మిగిలిన కారును, ఆకుల పసరు, ఇసుక కలిసి పట్టిన మందపాటి పొరతో చూడలేక, మిమ్మల్ని ఒక్క చెంబు నీటిలో ముంచి తుడిచాను. ఆనాడు కరకరమని వినిపించిన చప్పుడు మురికి వదులుతున్న చప్పుడేనని మనస్ఫూర్తిగా నమ్మాను.

అసలు సంగతి నిరుడు వేసవిలో బయటపడింది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎదుట కారు ఆపి దిగి చూస్తే, బానెట్ మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల సన్నగీతలు వలయాలుగా మెరుస్తున్నాయి. నీడలోకి వెళ్లగానే ఆ మెరుపూ పోయి, రంగు పాలు కలిపిన టీలా వెలిసిపోయి కనిపించింది. జలాంతర్గామి కూడా ఆ ఉప్పుగాలిలోనే ఉంది. రోజూ పొడిగుడ్డతో తుడిచే యజమాని లేకపోవడం దాని అదృష్టం.

నేరమంతా మీ మీదనే మోపడం ధర్మం కాదు. ఎండకూ ఇందులో వాటా ఉంది. కానీ ఎండ తన పని తాను చేసుకుపోతుంది, మనం మాత్రం మేలు చేస్తున్నామనుకుంటూ చేశాం.

మొదట ఒక సీసా పాలిష్ కొన్నాను. అందులోని నూనె గీతల్లో నిండి రెండు వారాలు కారును పెళ్లికొడుకులా నిలబెట్టింది. తొలకరి వానకు గీతలన్నీ మళ్లీ పైకి తేలాయి. మసిబూసి మారేడుకాయ చేయడమంటే ఏమిటో అలా డబ్బులిచ్చి నేర్చుకున్నాను. తరువాత ఒక షెడ్డువారు 9హెచ్ గట్టిదనమున్న సెరామిక్ కోటింగ్ వేస్తే రాయి గీసినా గీత పడదన్నారు. 9హెచ్ అన్నది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్షలో వచ్చే అంకె అనీ, ఉన్న గీతలను తీయకుండా పైన కోటింగ్ వేస్తే వాటినే భద్రంగా దాచుకున్నట్టవుతుందనీ వారు చెప్పలేదు.

చివరికి దారి చూపినవాడు ఆటోనగర్‌లో ఒక ముసలి పెయింటరు. ఆయన ముందు కారును నీళ్లతో కడిగించి, చేతికి పాలిథిన్ కవరు తొడిగి బానెట్ మీద నిమరమన్నాడు. నున్నగా ఉందనుకున్న చోటల్లా గరుకు కాగితంలా తగిలింది. దానిని, అతుక్కున్న మురికిని లాగేసే బంకముద్ద అయిన క్లే బార్‌తో తడిగా రుద్ది తీశాక, రబ్బరు అంచులకు టేపు అంటించి, కాంపౌండ్ అనే అరగదీసే పేస్టు పెట్టి, మిషన్‌తో జానెడు జానెడు చొప్పున నీడలోనే రబ్బింగ్ చేశాడు. ప్యాడ్‌కు మెరూన్ అంటలేదు. అంటితే క్లియర్ కోట్ లేని పాతకాలపు రంగు అనో, ఉన్న కోటు అరిగిపోయిందనో అర్థమట. ఆయన మాటల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటే: పోయిన మెరుపును ఎవరూ తెచ్చి అతికించరు, గీత అడుగు వరకు చుట్టూ ఉన్న పొరను చెక్కి సమం చేస్తారు. క్లియర్ కోట్ మొత్తం మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పలచన. గట్టిగా ఒకసారి రబ్బింగ్ చేస్తే అందులో రెండు మూడు మైక్రాన్లు ఖర్చు. మన పదమూడేళ్ల శ్రద్ధకు నేను ఆ మూలధనం నుండి చెల్లించాను.

బానెట్, తలుపులు ఇప్పుడు ముఖం చూసుకునేలా ఉన్నాయి. పైకప్పు మీద మాత్రం క్లియర్ కోట్ పొలుసులుగా లేచిపోయింది. దానికి రబ్బింగ్ పనికిరాదనీ, వాటర్ పేపర్‌తో గీకి కొత్తగా పెయింట్ వేయడమే మార్గమనీ పెయింటరు తేల్చేశాడు. కింద నిలబడినవారికి అది కనపడదని ఊరుకున్నాను. మూడో అంతస్తు పిన్నిగారికి కనపడేది అదొక్కటే.

కావున నేటి నుండి మిమ్మల్ని కారు విధుల నుండి తప్పించి, మోటారు సైకిలు చైను తుడిచే పనికి బదిలీ చేయడమైనది. మీ స్థానంలో మైక్రోఫైబర్ గుడ్డ చేరుతుంది. ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించాకే అది బండిని తాకాలి, సబ్బునీటికొకటి, జాడించడానికొకటి చొప్పున రెండు బకెట్లు వాడాలి, నేల మీద పడితే ఉతికేదాకా విధుల్లోకి రాకూడదు. ఈ నిబంధనలేవీ మీకు ఎన్నడూ చెప్పనందుకు క్షంతవ్యుడను.

ఛార్జి అప్పగించే ముందు మీ మడతకుట్టులో మిగిలివున్న హుద్‌హుద్ నాటి ఇసుకను దులిపి లెక్క చూపగలరు.

ఇట్లు,
మిమ్మల్ని గుండ్రంగా తిప్పిన చేయి