సందులోంచి స్వచ్ఛమైన గాలి

మారతహళ్లి వంతెన దిగి, అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా బస్సుల పొగ పీల్చుకుంటూ ఆఫీసుకు చేరే మావంటి బెంగళూరు తెలుగువారి ఊపిరితిత్తులపై యాజమాన్యం చూపుతున్న శ్రద్ధను కొనియాడకపోవడం కృతఘ్నత అవుతుంది. మా అంతస్తు ఏసీ యంత్రాలకు మొన్నటిదాకా మెర్వ్ 8 (మెర్వ్ అంటే వడపోత శక్తికి కొలమానం; అంకె పెరిగేకొద్దీ మరింత సన్నని రేణువులు చిక్కుతాయి) ఫిల్టర్లు ఉండేవి. అవి 3 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటిన దుమ్మునూ పుప్పొడినీ చాలావరకు ఆపేవి గాని, డీజిల్ పొగలోని సన్నని రేణువులను మాత్రం ఆడపెళ్లివారిలా ఎదురేగి లోపలికి తీసుకువచ్చేవి.

ఉద్యోగులు గొణగగా గొణగగా మెర్వ్ 13 తెప్పించారు. 0.3 నుంచి 1 మైక్రాను దాకా ఉన్న రేణువుల్లో కనీసం సగాన్నీ, 1 నుంచి 3 మైక్రాన్ల వాటిలో కనీసం 85 శాతాన్నీ పట్టగలిగితేనే ఫిల్టరుకు ఆ హోదా దక్కుతుంది. అంతటి ఘనులు కనుక, ఆయుధపూజ నాడు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టిన తరువాతే బిగించారు. చట్రానికీ ఫిల్టరుకూ మధ్య వేలు దూరేంత సందు మిగిలింది. వడపోత దట్టమయ్యేకొద్దీ గాలికి అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగేకొద్దీ గాలి సందు వెతుక్కుంటుంది; సిల్క్ బోర్డు కూడలిలో ఆటోలు నిత్యం నిరూపించే సూత్రమే ఇది. సందు మూసే రబ్బరు పట్టీ వేరే పద్దు కిందికి వస్తుందట, ఆ పద్దుకు ఇంకా సంతకం కాలేదు.

ఈలోగా కరెంటు బిల్లు తగ్గించాలని బయటి గాలి వచ్చే దారిని మూయించారు. కార్బన్ డయాక్సైడును ఏ మెర్వ్ ఫిల్టరూ పట్టదు కనుక, అది మా మధ్యనే స్థిరనివాసం ఏర్పరచుకుంది. మధ్యాహ్నపు సమావేశాల్లో ఆవలింతలకు కారణం ఆంధ్రా మెస్సు పప్పూ నెయ్యీ అని హెచ్‌ఆర్ విభాగం నిర్ధారించింది.

ఫలితాలు మాత్రం అద్భుతం. లాబీలోని తెర మీద పీఎం 2.5, అంటే గాలిలో 2.5 మైక్రాన్లకు మించని రేణువుల లెక్క, ఏ వేళ చూసినా ఘనపు మీటరుకు 12 మైక్రోగ్రాములు. ఏడాది సగటుకు మన దేశ ప్రమాణం 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 అన్నది గాని, విదేశీయుల మాటకు అంత తొందరపడనక్కరలేదు. ఆ తెర తాలూకు సెన్సరు ఎండీగారి గదిలో, ఎయిర్ ప్యూరిఫయరు మూతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని మా బల్లల దగ్గరికి మార్చమని మెయింటెనెన్స్ చూసే చిత్తూరు పెద్దాయనను అడిగాను.

“దాన్ని కదిలిస్తే అంకె కదలదా, నాయనా?” అన్నాడాయన.