ఒక్క బటన్ కోసం ఇంత పామ్ ఫైలా?

మా అమ్మాయి ఎక్కాలు సాధన చేసుకోవడానికి చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాద్దామని నిన్న రాత్రి కూర్చున్నాను. ఒక విండో, ఒక బటన్, అంతే. జావాలో విండోలు, బటన్లు చేయడానికి వాడే లైబ్రరీ జావాఎఫ్ఎక్స్. దాని కోసం ఎవరో పెట్టిన టెంప్లేట్ దించుకున్నా. జావా కోడ్ ముప్పై లైన్లు, పామ్ ఫైల్ (ప్రోగ్రామ్‌ను ఎలా కట్టాలో మావెన్ అనే సాధనానికి చెప్పే ఫైల్) రెండు వందల పైచిలుకు! విండోస్‌కో ప్రొఫైల్ (విడి సెట్టింగుల కట్ట), లినక్స్‌కో ప్రొఫైల్, మ్యాక్‌కు రెండు. వెర్షన్ నంబరు నాలుగు చోట్ల. మూడు మార్చి నాలుగోది మరిచిపోయా, గంటన్నర పోయింది.

2018లో జావా 11 వచ్చినప్పుడు జావాఎఫ్ఎక్స్‌ను జేడీకే (జావా ప్రోగ్రామింగ్ కిట్) నుంచి విడదీశారు. సరే, కానీ తర్వాతి కష్టం చూడండి. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ క్లాస్ జావాఎఫ్ఎక్స్ ఇచ్చే అప్లికేషన్ క్లాస్‌కు వారసురాలైతే, లైబ్రరీ క్లాస్‌పాత్‌లో (జావా వెతికే చోట్ల జాబితాలో) ఉన్నా సరే, రన్‌టైమ్ భాగాలు లేవంటూ జావా లాంచర్ ఆగిపోతుంది. దాన్ని దాటడానికి మెయిన్‌ను పిలవడం తప్ప వేరే పనిలేని ఇంకో క్లాస్ రాయాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది ఎవరు చెబుతారు? తప్పు తమదే అనుకుని వదిలేస్తారు. నాకు అదే బాధ.

ఆ ప్రొఫైల్స్ అసలు అక్కర్లేదు! ఏ ఆపరేటింగ్ సిస్టమో చూసి సరైన జార్‌ను (లైబ్రరీ ఫైల్‌ను) ఎంచుకునే ఏర్పాటు జావాఎఫ్ఎక్స్ సొంత పామ్‌లోనే ఉంది. ఇన్‌స్టాలర్ తయారుచేయడానికి జేడీకేతోనే వచ్చే జేప్యాకేజ్ అనే సాధనం 2021లో, జావా 16 నాటికే స్థిరపడింది. టెంప్లేట్ పెట్టేవాళ్లారా, దయచేసి పాత ప్లగిన్లు తీసేయండి, వెర్షన్ ఒక్కచోటే రాయండి. రాత్రి ఒంటిగంటకు నేనే అవన్నీ కొట్టేశాను. అరవై లైన్లు మిగిలాయి, బటన్ వచ్చింది.