స్పెషల్ టీచర్ ఉద్యోగం ఆరు నెలల్లో వస్తుందా? ఆ మెసేజ్‌కి నా జవాబు

డీఎస్సీకి చదివే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నాకు తెలిసిన నలుగురైదుగురు దాన్ని నాకే పంపి "నిజమేనా మేడమ్?" అని అడిగారు. మెసేజ్ సారాంశం ఇది: "స్పెషల్ ఎడ్యుకేషన్ చేసిన వాళ్లకు టీచర్ జాబ్ గ్యారంటీ. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలు. టెట్ అక్కర్లేదు, పోటీ లేదు. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ప్రతి స్కూల్లో ఒక పోస్టు. చదువు చెప్పే పని ఉండదు, పిల్లల్ని చూసుకుంటే చాలు." కింద ఒక ఫోన్ నంబరు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక మండల భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందుకే ఒక్కో మాటా పట్టుకుని చెబుతాను.

"ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలు." చాలదు. మన దేశంలో స్పెషల్ టీచర్‌గా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే మనమందరం ఆర్‌సీఐ అనేది, దాని రిజిస్టర్‌లో పేరుండాలి. 1992లో చేసిన ఆర్‌సీఐ చట్టం పెట్టిన నియమం ఇది. గుర్తింపు ఉన్న చదువు లేకుండా, రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చని 13వ సెక్షన్ చెబుతుంది. ఆ రిజిస్టర్‌లో చేరితే వచ్చే నంబరునే సీఆర్ఆర్ నంబరు అంటాం. ఉద్యోగానికి వెళ్లిన చోట మొదట అడిగేది దాన్నే. ఆ నంబరు రావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయాలి, లేదా డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయాలి. మామూలు బీఈడీ అయిపోయిన వాళ్లు ఆర్‌సీఐ గుర్తింపున్న స్పెషల్ డిప్లొమా చేసి రావొచ్చు. నంబరు వచ్చాక కూడా ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

ఆరు నెలలన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించగలను. ఆర్‌సీఐకి నిజంగానే సీబీఐడీ అని ఆరు నెలల కోర్సు ఒకటి ఉంది. అది ఊళ్లలో తిరిగి వికలాంగులకూ వాళ్ల కుటుంబాలకూ సాయపడే ఫీల్డ్ వర్కర్ల కోసం పెట్టింది. మంచి కోర్సే, కానీ అది చేసినంత మాత్రాన టీచర్ కాలేరు.

మా పిన్ని కూతురు కావలిలో ఉంటుంది. నన్ను అడగకముందే ఆ మెసేజ్ లాంటిదే చూసి ఫీజు కట్టేసింది. సర్టిఫికెట్ కొరియర్‌లో ఇంటికే వచ్చింది. దళసరి కాగితం, బంగారు రంగు అంచు, పైన "ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పొందిన సంస్థ" అని పెద్దక్షరాలు. "నంబరు కూడా ఉందిగా అక్కా" అంది. ఉంది. అది సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు. మా వీధి వినాయక చవితి కమిటీ వాళ్లు కూడా సొసైటీగా రిజిస్టర్ చేయించుకోవచ్చు, అంతమాత్రాన వాళ్లు టీచర్లను తయారు చేస్తామంటే కుదురుతుందా? ఐఎస్ఓ ముద్ర, ఎంఎస్ఎంఈ నంబరు కూడా ఈ కోవలోవే. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఆ సంస్థ ఫోన్ ఇప్పుడు మోగుతుంది గానీ ఎవరూ ఎత్తరు.

చేరేముందు చూసుకోవాల్సింది ఒకటే. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపున్న కాలేజీల జాబితా ఉంటుంది. కాలేజీ పేరు కనబడగానే సంబరపడొద్దు. అనుమతి ఇచ్చేది కోర్సును బట్టి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అన్నదాన్ని బట్టి. మీరు చేరబోయే కోర్సు, మీరు చేరబోయే సంవత్సరం ఆ వరసలో ఉన్నాయో లేదో చూడండి. అర్థం కాకపోతే నెల్లూరులో సీఆర్‌సీ అని వికలాంగుల కోసం పనిచేసే కేంద్రం ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ కింద నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. బస్సెక్కి వెళ్లి అడిగి రండి. ఒక పూట పోతుంది, అంతే.

"టెట్ అక్కర్లేదు." ఇది పచ్చి అబద్ధం. ఏపీ టెట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్ల కోసమే పేపర్ 1-బి, పేపర్ 2-బి ఉన్నాయి. మొదటిది ఒకటి నుంచి ఐదు తరగతులకు, రెండోది ఆరు నుంచి ఎనిమిదికి. ఒక్కోటి 150 మార్కులు. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ కూడా ఉంది కాబట్టి ఏదో గట్టెక్కితే చాలన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

"ప్రతి స్కూల్లో ఒక పోస్టు." ఇందులో సగం నిజముంది. జనం నమ్మడానికి కారణం ఆ సగమే. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన రంగానికి నిజంగా పెద్ద మలుపు. కానీ అందులో లెక్క బడికి కాదు, పిల్లలకు. ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. పిల్లలు తక్కువున్న చోట చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఒక టీచర్ తిరగొచ్చని కూడా అందులోనే ఉంది. అలాంటి పిల్లలు ఇద్దరే ఉన్న బడికి విడిగా ఒక పోస్టు ఎలా వస్తుంది?

ఆ తర్వాత 2025 మార్చిలో కోర్టు పోస్టులు ప్రకటించమని రాష్ట్రాలకు గడువు పెట్టింది. మన రాష్ట్రం ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. 1,136 ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టులు, 1,124 స్కూల్ అసిస్టెంట్, అంటే పై తరగతుల టీచర్ పోస్టులు. ఇంతవరకు లేని పోస్టులు, నేనూ సంతోషించాను. కానీ రాష్ట్రంలో ప్రభుత్వ బడులు నలభై వేలకు పైనే ఉన్నాయి. 2,260ని వాటికి పంచి చూడండి. పైగా ఏళ్ల తరబడి కాంట్రాక్టులో నలిగిన టీచర్ల అర్హతలను స్క్రీనింగ్ కమిటీతో చూడమని కూడా ఆ మార్చి ఉత్తర్వు చెప్పింది. అంటే క్యూలో మీకంటే ముందు నిలబడ్డ వాళ్లున్నారు. "పోటీ లేదు" అన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

గ్యారంటీ లేనంత మాత్రాన దారే లేదనడం లేదు. సీబీఎస్ఈ బడులు స్పెషల్ ఎడ్యుకేటర్‌ను పెట్టుకోవాలన్న నిబంధన ఉంది. పసిపిల్లల్లో లోపాలను ముందే గుర్తించే జిల్లా కేంద్రాల్లోనూ, ప్రైవేటు థెరపీ సెంటర్లలోనూ ఈ చదువుకు పని ఉంది. జీతాలు చోటును బట్టి, యజమానిని బట్టి. చేరేముందు కాగితం మీద రాయించుకోండి.

ఇక "చదువు చెప్పే పని ఉండదు." నాకు కోపం తెప్పించింది ఈ ముక్కే.

మా కేంద్రానికి ఒక పిల్లాడు వస్తాడు. తొమ్మిదేళ్లు, బుద్ధిమాంద్యం. నాన్న వేటకు వెళ్తాడు, వాళ్లది సముద్రం పక్క పాలెం. వచ్చిన కొత్తలో చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. వాళ్లమ్మ రోజూ తనే పెట్టేది. మామూలుగా మనం ఏం చేస్తాం? గుండీ చేతికిచ్చి "పెట్టు" అంటాం. పిల్లాడు ఓడిపోతాడు, ఏడుస్తాడు, మనమే పెట్టేస్తాం. మాకు నేర్పింది తలకిందుల పద్ధతి. గుండీ పెట్టడాన్ని ముక్కలు చేస్తాం: కాజాను వేళ్లతో పట్టుకోవడం, గుండీ అంచును అందులో దూర్చడం, అవతలి వైపు వేలితో అందుకోవడం, లాగడం. మొదటి మూడూ నేను చేసి, చివరి లాగుడు మాత్రం వాడికి వదిలేశాను. గుండీ పడింది. పెట్టింది వాడే కాబట్టి చప్పట్లు వాడికే. వాడికి అది బాగా వచ్చాక అందుకోవడం కూడా వాడికే వదిలాను. ఆ తర్వాత దూర్చడం. మొదట అడుగున్నర పలక మీద కుట్టిన గుడ్డకు రూపాయి బిళ్లంత గుండీలు, తర్వాత నాన్న పాత చొక్కా, చివరికి వాడి యూనిఫాం. ఐదు వారాలు పట్టింది.

ఏ వారం ఏ ముక్క వచ్చింది, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు వచ్చింది, సాయం మాటతోనా చేతితోనా అని రాసి పెట్టుకుంటాం. ఆ పిల్లాడి ఒక్కడి కోసం రాసే ఆ ప్రణాళికనే ఐఈపీ అంటాం. నా దగ్గరున్న ప్రతి పిల్లకూ పిల్లాడికీ అలాంటిది విడిగా ఉంటుంది. చూపు లేని పిల్లలతో పనిచేసే వాళ్లయితే బ్రెయిలీ లిపి ఆరు చుక్కల్లో అచ్చులూ హల్లులూ గుణింతాలూ వేలికొసకు అలవాటు చేయాలి. వినికిడి లేని పిల్లల టీచర్ పని ఇంకోలా ఉంటుంది. అందుకే కోర్సులో ముందే స్పెషలైజేషన్ ఎంచుకోమంటారు. ఉద్యోగంలో మాత్రం అన్ని రకాల పిల్లలూ మీ గది గడప తొక్కుతారు. ఇదంతా చదువు చెప్పడం కాకపోతే మరేంటో ఆ మెసేజ్ రాసిన పెద్దమనిషే చెప్పాలి.

ప్రాక్టికల్స్ ఎందుకో కూడా ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఏడ్చే పిల్లాడి చేతిలో గుండీ ఉన్నప్పుడు మన చెయ్యి ఎక్కడ ఆపాలో ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకోలేం.

మా పిన్ని కూతురు ఆ బంగారు అంచు సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టేసి, గుర్తింపున్న కాలేజీలో రెండేళ్ల కోర్సులో చేరింది. మొన్న ఫోన్ చేసింది. "అక్కా, రేపు నాకు స్పెషల్ స్కూల్లో మొదటి క్లాసు. పళ్లు తోముకోవడం నేర్పాలంట. దాన్ని ఎన్ని ముక్కలు చేయమంటావ్?"

"ముందు నువ్వు అద్దం ముందు నిలబడి తోముకో, లెక్కపెట్టు" అన్నాను.

పది నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్. పదహారు వచ్చాయంట. పేస్టు మూత తీయడం మర్చిపోయింది.