ఇంట్లో ఆడియో సీడీలు ఉన్నవాళ్ళకి ఒక విన్నపం

పండక్కి ఇల్లు సర్దేటప్పుడు అటక మీద నుంచి దిగే సామానులో ఇప్పుడు సీడీల పెట్టెలే ఎక్కువ. ప్లేయరే లేదు, ఇంకా ఇవెందుకని చాలామంది పాత పేపర్లతో పాటు తూకానికి వేసేస్తున్నారు. ఇంకొందరు కాస్త శ్రద్ధ ఉన్నవాళ్ళు. వాటిని కంప్యూటర్లో పెట్టి, చేతికి అందిన సాఫ్ట్‌వేర్‌తో 128 కేబీపీఎస్ ఎంపీ3లుగా (సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత వదిలేసే ఫైళ్ళు) మార్చుకుని, పని అయిపోయిందనుకుని ఆ తర్వాత తూకానికి వేస్తున్నారు. నాకు ఈ రెండోవాళ్ళ విషయంలోనే ఎక్కువ బాధ. అంత ఓపిక ఉన్నవాళ్ళు ఇంకో పది నిమిషాలు వెచ్చించి ఉంటే ఆ పాటలు పూర్తిగా దక్కేవి.

తెలుగు ఆడియో సీడీని పద్ధతిగా రిప్ చేయడం, అంటే అందులోని పాటల్ని కంప్యూటర్లోకి ఫైళ్ళుగా తీసుకోవడం, మీ ఒక్కరి కోసం చేసుకునే పని కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు సీడీ సంగతి కొంచెం మాట్లాడుకోవాలి.

ఆడియో సీడీలో మనకు తెలిసిన అర్థంలో ఫైళ్ళు ఉండవు. సెకనుకి 44,100 నమూనాలు (ఆ క్షణంలో శబ్దం ఎంతుందో చెప్పే కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు ఛానళ్ళు. అంటే సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు, నిమిషానికి పది ఎంబీ పైచిలుకు. ఇదంతా సెకనుకి 75 ముక్కల చొప్పున, ఒక్కో ముక్కలో 2,352 బైట్లుగా రాసి ఉంటుంది. డేటా సీడీలో అదే ముక్కలో 2,048 బైట్లే మన సమాచారం. మిగిలిన చోటు చాలావరకు తప్పులు పట్టుకుని దిద్దడానికి కేటాయించారు. అందుకే డేటా సీడీ మీద దిద్దలేనంత గీత పడితే కంప్యూటర్ ఫైలు చదవలేనని మొహం మీదే చెప్పేస్తుంది. గీతల్ని దిద్దే మామూలు ఏర్పాటు రెండిట్లోనూ ఉంది కానీ, ఈ అదనపు రక్షణ ఆడియో సీడీలో లేదు. 2,352 బైట్లూ పాటకే పోతాయి.

1980లో సోనీ, ఫిలిప్స్ కలిసి ఈ ప్రమాణం రాసినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ఇంట్లో పాట వినే మనిషి. పాట మధ్యలో ఆగకూడదు. దిద్దలేనంత పెద్ద గీత వస్తే ప్లేయర్ అటూ ఇటూ ఉన్న నమూనాలు చూసి మధ్యలో ఏముండొచ్చో ఊహించి నింపేస్తుంది. చాలాసార్లు మన చెవి పట్టుకోలేదు. వినడానికి ఇది గొప్ప ఏర్పాటు. దాచుకోవడానికి మాత్రం ప్రమాదం. డ్రైవ్ ఊహించి నింపిందాన్ని సాఫ్ట్‌వేర్ నిజమైన పాటగానే రాసుకుంటుంది. రిప్ పూర్తయిందని చెప్తుంది. ఎక్కడ ఊహించిందో ఎవరికీ చెప్పదు. వీణ తంత్రి మీద మీటు పడే ఆ క్షణంలోనే లోపం ఉంటే, అసలు రికార్డింగే అంత అనుకుంటాం మనం.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది, అదీ ఉచితంగా. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మాక్‌లో ఎక్స్ఎల్‌డీ, లినక్స్‌లో విప్పర్. ఎగ్జాక్ట్ ఆడియో కాపీని సెక్యూర్ మోడ్‌లో పెడితే ఒకే భాగాన్ని మళ్ళీ చదివి, రెండుసార్లూ ఒకటే వస్తేనే ఒప్పుకుంటుంది. తేడా వస్తే ఇంకా ఇంకా చదివి చూస్తుంది. చివరికీ కుదరకపోతే ఏ పాటలో ఎన్నో సెకను దగ్గర అనుమానం ఉందో లాగ్‌లో, అంటే రిప్ ఎలా జరిగిందో చెప్పే చిన్న ఫైలులో, రాసిపెడుతుంది. నాకు అన్నిటికన్నా విలువైనది ఆ లాగ్. పాట ఫైలు పక్కన లాగ్ లేకపోతే అది ఎలా వచ్చిందో పదేళ్ళ తర్వాత ఎవరూ చెప్పలేరు, రిప్ చేసిన మనిషితో సహా.

ఇక నా అసలు బాధ. ఒకే డ్రైవ్ రెండుసార్లూ ఒకే తప్పు చదవొచ్చు కదా? అందుకే యాక్యురేట్‌రిప్ అనే డేటాబేస్ ఉంది. మీ రిప్ నుంచి లెక్కగట్టిన సంఖ్యను, అదే ఆల్బమ్‌ని ప్రపంచంలో ఎక్కడెక్కడో రిప్ చేసినవాళ్ళ సంఖ్యలతో పోలుస్తుంది. వేరే డిస్కు, వేరే డ్రైవ్, వేరే ఇల్లు, అయినా ఫలితం ఒకటే అంటే ఇక అనుమానం లేదు. పేరున్న ఇంగ్లీష్ ఆల్బమ్ ఏదైనా పెట్టండి, వందల మందితో సరిపోయిందని చూపిస్తుంది. నా దగ్గరున్న తెలుగు సినిమా సీడీలు, కర్ణాటక సంగీతం సీడీలు పెడితే చాలావాటికి వచ్చే జవాబు ఒకటే: ఈ డిస్కు డేటాబేస్‌లో లేదు.

కోట్ల మంది మాట్లాడే భాష, పాట లేనిదే పొద్దు గడవని ఇళ్ళు. అలాంటిది మన డిస్కులకి పోల్చి చూసుకోవడానికి ఇంకో మనిషి లేడు. సీడీలు కొననివాళ్ళమేం కాదు. కొన్నాం, అరిగేదాకా విన్నాం, పద్ధతిగా రిప్ చేసి ఆ ఫలితాన్ని పంపించలేదంతే. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో పంపించడం కూడా బటన్ నొక్కినంత పని. పాట వెళ్ళదు, ఆ సంఖ్యలే వెళ్తాయి.

క్యూటూల్స్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ళ డేటాబేస్ ఇంకో అడుగు ముందుకేసింది. పోల్చడమే కాదు, దెబ్బతిన్న రిప్‌ని కొంతవరకు బాగుచేసే సమాచారం కూడా దాచిపెడుతుంది. ఆలోచించండి. విజయవాడలో మీ దగ్గర శుభ్రంగా ఉన్న సీడీని మీరు ఇవాళ రిప్ చేసి వివరం పంపారు. రేపు న్యూజెర్సీలో ఒకరు, వాళ్ళ నాన్నగారు ఎప్పుడో ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన అదే ఆల్బమ్‌ని, గీతలు పడిపోయిన డిస్కు నుంచి రిప్ చేస్తారు. చెడిపోయిన భాగం చిన్నదైతే మీరు పంపిన వివరంతో వాళ్ళ పాట మళ్ళీ బిట్టుకి బిట్టు సరిగ్గా తయారవుతుంది. మీ పేరు వాళ్ళకి తెలియదు, వాళ్ళ ఊరు మీకు తెలియదు. ఇంత తేలికగా ఇంత మేలు చేసే అవకాశం ఉండి కూడా మనం చేయట్లేదంటే నాకు నిజంగా మనసు ఒప్పట్లేదు.

డేటాబేస్‌లో లేని డిస్కుకి నేను చేసే పని: ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో టెస్ట్ అండ్ కాపీ (ప్రతి పాటనీ రెండుసార్లు చదివే పద్ధతి) పెట్టి, రెండుసార్లకీ పాట నుంచి లెక్కగట్టిన సీఆర్‌సీ సంఖ్యలు కలిశాయో లేదో చూస్తాను. తర్వాత వేరే కంపెనీ డ్రైవ్‌లో మళ్ళీ చదివిస్తాను. రెండు డ్రైవ్‌లలోనూ ఒకే సంఖ్య వస్తే నమ్ముతాను. అలా పోల్చాలంటే ముందు రెండింటికీ ఆఫ్‌సెట్ సరిచేసుకోవాలి. దాదాపు ప్రతి మోడల్ డ్రైవూ కొన్ని నమూనాలు ముందుకో వెనక్కో జరిగి చదువుతుంది. ఎంత జరుగుతుందో యాక్యురేట్‌రిప్ వాళ్ళ జాబితాలో మోడల్ వారీగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తను కనుక్కోవాలంటే డేటాబేస్‌లో ఉన్న సీడీ ఏదైనా పెట్టమంటుంది. మొత్తం తెలుగు సీడీలే ఉన్న ఇంట్లో అది చాలాసార్లు కుదరదు. జాబితాలో చూసి చేత్తో నింపుకోండి, ఒక్కసారి చేస్తే చాలు.

ఫార్మాట్ దగ్గర గొడవలు అక్కర్లేదు. ఫ్లాక్‌లో పెట్టండి, పాటలో ఏమీ పోకుండా సైజు తగ్గించే ఫైలు అది. ఆపిల్ వస్తువులే వాడేవాళ్ళయితే ఆపిల్ వాళ్ళ అలాంటి ఫైలే ఏలాక్. రెండిట్లోనూ ఒక్క బిట్టు కూడా పోదు. ఐదారు పాటల సినిమా ఆల్బమ్ ఫ్లాక్‌లో దాదాపు 200 ఎంబీ లోపే ఉంటుంది. ఒక టెరాబైట్ డిస్కులో అలాంటివి వేలల్లో పడతాయి. ఇంకా చోటు కోసం 128కి కుదించడం ఎందుకో నాకు అర్థం కాదు.

320 ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా నీ చెవికి తెలుస్తుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. చాలా పాటల్లో చాలామందికి తెలియదు, నేనూ ఒప్పుకుంటాను. ఫ్లాక్ ఎందుకంటే అది మూలం. దాని నుంచి ఫోన్‌కి ఎంపీ3, కారుకి ఏఏసీ (ఎంపీ3 లాంటిదే ఇంకో రకం), రేపు ఇంకోటి వస్తే అదీ చేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి ఇంకో ఎంపీ3 చేయడం జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే. అలాగే దయచేసి ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి లాస్‌లెస్ (ఏమీ పోనిది) అని పేరు పెట్టకండి. సైజు పెరుగుతుంది, పోయింది తిరిగి రాదు. సీడీ రిప్‌ని 24 బిట్ 96 కిలోహెర్ట్జ్‌కి పెంచి హై-రెస్ (సీడీని మించిన నాణ్యత) అనడమూ అంతే.

కచేరీ రికార్డింగులు ఉన్నవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. రాగం, తానం, పల్లవి విడివిడి ట్రాకులుగా ఉన్నా శబ్దం ఎక్కడా తెగదు, తంబుర శ్రుతి సాగుతూనే ఉంటుంది. ఎంపీ3లో ట్రాకు మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీ వచ్చి చేరుతుంది. చాలా ప్లేయర్లలో ఆ సందు దగ్గర శ్రుతి తుంచినట్టవుతుంది. ఫ్లాక్‌లో ట్రాకులు ఎక్కడ కోశారో కచ్చితంగా అక్కడే అతుక్కుంటాయి.

పాటలన్నీ యాప్‌లో ఉన్నాయి కదా, లాస్‌లెస్ కూడా ఇస్తున్నారు కదా అంటారు. నిజమే, ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచే ఇస్తోంది. కానీ అక్కడున్నది మీ సీడీలో ఉన్న మాస్టరే (విడుదలకి తయారుచేసిన తుది రికార్డింగు) అని ఎవరు చెప్పారు? రీమాస్టర్ పేరుతో శబ్దం పెంచి, మెల్లగా పాడిన చోటునీ గట్టిగా పాడిన చోటునీ ఒకే ఎత్తుకి తెచ్చేసినవి నేను చాలా విన్నాను. హక్కులు చేతులు మారితే పాట ఒక రాత్రిలో మాయమవుతుంది కూడా. అన్నిటికీ మించి, అక్కడ పాట వెనక మనుషులు ఉండరు. ఆర్టిస్ట్ దగ్గర ఒకచోట సంగీత దర్శకుడి పేరు, ఒకచోట గాయని పేరు. వేటూరి రాశారో ఆత్రేయ రాశారో చాలాసార్లు కనపడదు. తెలుగువాడికి పాట ఎవరు రాశారన్నది చిన్న విషయమా?

అన్నమయ్య కీర్తనల సంగతి మరీ ఘోరం. ఒకే కీర్తనకి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు ఇలా వేర్వేరు పెద్దలు వేర్వేరు వరుసలు కట్టి ఉండొచ్చు. వరుస ఎవరిదో తెలియకుండా ఆ కీర్తన గురించి ఏం మాట్లాడతాం? ఆ పేరు మాత్రం సీడీ పెట్టెలోని చిన్న కాగితం మీదే ఉంటుంది. రాగం, తాళం, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నీ అక్కడే. కొన్ని రికార్డింగులకి ఆ వివరాలు దొరికే ఏకైక చోటు ఆ కాగితమే. సీడీ రిప్ చేసి కాగితం పారేస్తే సగం పనే చేసినట్టు. స్కానర్ ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.

ఫ్లాక్ ట్యాగుల్లో, అంటే ఫైలు లోపలే పాట వివరాలు రాసుకునే గడుల్లో, మీకు కావలసిన పేరుతో గడి తయారుచేసుకోవచ్చు. నేను రాగం, తాళం, రచన, వరుస, పక్కవాద్యాలు విడివిడిగా పెడతాను. తెలుగు లిపిలోనే రాయొచ్చు, ఏ ఇబ్బందీ లేదు. నెట్ నుంచి తనంతట తను దిగే పేర్లని నమ్మకండి. ఒకే గాయకుడి పేరు నాలుగు ఇంగ్లీష్ స్పెల్లింగులతో వచ్చి లైబ్రరీలో నలుగురు మనుషులుగా కూర్చుంటాడు. ఆల్బమ్ వివరాలని అందరూ కలిసి చేర్చే మ్యూజిక్‌బ్రెయిన్జ్ సైటులో ఆ ఆల్బమ్ లేకపోతే వివరాలు చూసుకుని మీరే చేర్చండి. అక్కడా మన వాటా తక్కువే.

డిస్కులోనే నాణ్యత లేకపోతే రిప్ దాన్ని తెచ్చిపెట్టదు. కంపెనీ అచ్చేసిన సీడీల్లో కూడా ఎంపీ3 నుంచి తయారుచేసినవి నాకు తగిలాయి. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైనంతా ఖాళీ, ఎంపీ3 పై స్థాయి శబ్దాలు కోసేసిన గుర్తు అది. కానీ తొందరపడి తీర్పు చెప్పకండి. 1950ల నాటి రికార్డింగుల్లో పై స్థాయి శబ్దాలు సహజంగానే తక్కువ. అక్కడ క్రమంగా సన్నబడుతుంది, కత్తిరించినట్టు ఉండదు.

ఏది ముందు చేయాలంటే, ఇంట్లో రికార్డు చేయించుకున్న సీడీ-ఆర్‌లు (ఖాళీ డిస్కు మీద మనం రాసుకునేవి). క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఊళ్ళో హరికథ, బామ్మ పాడిన మంగళహారతులు, అమ్మాయి సంగీతం అరంగేట్రం. ప్రింటు సీడీలో పాట అల్యూమినియం పొర కింద గుంటలుగా అచ్చయి ఉంటుంది. సీడీ-ఆర్‌లో అది రంగు పొర మీద లేజర్‌తో వేసిన గుర్తు, ఎండకీ వేడికీ పాడవుతుంది. సినిమా పాట ఇంకెవరింట్లోనైనా దొరుకుతుంది. బామ్మ గొంతు ఇంకెక్కడ దొరుకుతుంది?

తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్టు పెట్టి రుద్దకండి. కింద వైపు గీతల కన్నా పేరు అచ్చేసిన వైపు గీతలే ప్రమాదం, ఎందుకంటే అల్యూమినియం పొర ఆ వైపే సన్నటి వార్నిష్ కింద ఉంటుంది.

చట్టం గురించి భయపడేవాళ్ళకి: కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత, వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేర మినహాయింపు ఇస్తోంది. 2012 సవరణతో అది సౌండ్ రికార్డింగులకీ వర్తిస్తుంది. రిప్ చేసి టెలిగ్రామ్ గ్రూపుల్లో పంచడం అందులోకి రాదు, నేను దాన్ని సమర్థించను.

రిప్ అయ్యాక రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో ఉంటే మంచిది. సీడీలు పారేయకండి. లాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే పాత కంప్యూటర్ విడిభాగాలు అమ్మే దుకాణంలో డెస్క్‌టాప్ డీవీడీ రైటర్ అడగండి. యూఎస్‌బీ అడాప్టర్ కొనేటప్పుడు 12 వోల్టుల కరెంటు విడిగా ఇచ్చేదే తీసుకోండి, లేకపోతే డ్రైవ్ తిరగదు. డ్రైవ్ పైన స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. అది ఇక్కడ పెట్టండి, ఆఫ్‌సెట్ ఎంత నింపాలో జాబితా చూసి చెప్తాను.