టెర్మినల్‌లో అంకె మారితే సైటు మారినట్టేనా?

ఉబుంటు సర్వర్లు నడిపేవాళ్లలో ఒక చిట్కా చేతులు మారుతూ తిరుగుతోంది. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండుతో, సైటు కోడ్‌ను నడిపే పీహెచ్‌పీని 8.2 వెర్షన్‌కి మార్చండి, టెర్మినల్‌లో వెర్షన్ అడిగి చూసుకోండి, 8.2 అని వస్తే సైటు కూడా దానిమీదే నడుస్తున్నట్టు. ఒకే సర్వర్‌లో రెండు వెర్షన్లు ఇమడవు కాబట్టి పాత 7.4ను తీసిపారేయండి. ఇదీ ఆ చిట్కా. ఇందులో పూర్తిగా నిజమైనది కమాండు ఒక్కటే.

ఆ కమాండు వల్ల సైటు మారుతుందనడం మొదటి తప్పు. టెర్మినల్‌లో పీహెచ్‌పీ అని కొడితే ఏ ఫైలు నడవాలో చూపే లింకును మాత్రమే అది మారుస్తుంది. ఆ పేరుతో పిలిచే కంపోజర్‌కు (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే పరికరం), క్రాన్ పనులకు (వేళకు వాటంతటవే నడిచేవి) మార్పు తెలుస్తుంది. సైటును బ్రౌజర్‌కు అందించే వెబ్ సర్వర్ అపాచీ ఆ పేరుతో పిలవనే పిలవదు. మాడ్-పీహెచ్‌పీ అనే అపాచీ మాడ్యూల్ వాడుతుంటే, కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ అపాచీ ప్రాసెస్‌లోనే లోడై కూర్చుంటుంది. దాన్ని కదిలించాలంటే 7.4 మాడ్యూల్‌ను ఏ2డిస్‌మాడ్‌తో ఆపి, 8.2 మాడ్యూల్‌ను ఏ2ఎన్‌మాడ్‌తో ఎక్కించి, అపాచీని రీస్టార్ట్ చేయాలి. ఎఫ్‌పీఎం వాడుతుంటే అది పీహెచ్‌పీని నడిపే విడి సర్వీసు, వెర్షన్‌కొక సాకెట్ (వెబ్ సర్వర్ దాన్ని అందుకునే చిరునామా) ఉంటుంది. అపాచీ అయినా, మరో వెబ్ సర్వర్ ఎంజిన్ఎక్స్ అయినా, సైటు కాన్ఫిగరేషన్‌లో ఏ సాకెట్ రాసి ఉంటే సైటు నడిచేది ఆ వెర్షన్ మీదే.

ఇక రుజువు సంగతి. టెర్మినల్ చెప్పిన వెర్షన్‌ను సైటుకు ఆపాదించడం పక్కింటి మీటరు చూసి మన కరెంటు బిల్లు కట్టడం లాంటిది. అడగాల్సింది సైటునే. పీహెచ్‌పీఇన్ఫో పిలిచే ఒక్క వరుస ఫైలును సైటు ఫోల్డర్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. పైన వెర్షన్, కాస్త కింద సర్వర్ ఏపీఐ అన్న గడి కనిపిస్తాయి. మాడ్యూల్ అయితే అపాచీ 2.0 హ్యాండ్లర్ అనీ, లేకపోతే ఎఫ్‌పీఎం అనీ అక్కడ ఉంటుంది. ఏ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ (సెట్టింగుల) ఫైలు చదివిందో కూడా అక్కడే తెలుస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో టెర్మినల్‌కు, ఎఫ్‌పీఎంకు, అపాచీకి ఈ ఫైళ్లు వేర్వేరు. అప్‌లోడ్ పరిమితి పెంచినా సైటులో పెరగలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామంది దిద్దేది టెర్మినల్ ఫైలునే. చూడటం అయ్యాక ఆ ఇన్ఫో ఫైలును తొలగించండి, సర్వర్ గుట్టంతా అందులో ఉంటుంది.

రెండు వెర్షన్లు ఇమడవన్నది సగం నిజం. ఒకే అపాచీలో రెండు పీహెచ్‌పీ మాడ్యూళ్లు ఎక్కించడం కుదరదు. ఎఫ్‌పీఎంతో ఆ బాధ లేదు. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను 7.4 సాకెట్‌కు, కొత్త సైటును 8.2 సాకెట్‌కు కట్టి రెండింటినీ పక్కపక్కనే నడపవచ్చు. వెర్షన్ మార్చే దారి కూడా ఇదే కావాలి: ఒక సైటును మార్చి, ఎర్రర్ లాగ్ చూసి, తేడా వస్తే ఆ ఒక్క వరుసను వెనక్కి మార్చుకోవచ్చు. చిట్కా నమ్మి 7.4ను ముందే పీకేస్తే సాకెట్ మాయమవుతుంది, ఎంజిన్ఎక్స్ 502 ఎర్రర్ చూపిస్తుంది, అపాచీ 503 చూపిస్తుంది.

దీనికి తోకగా ఇంకో సలహా వస్తోంది: సైటు ఫోల్డర్‌లో ఉండే అపాచీ సెట్టింగుల ఫైలు హెచ్‌టీయాక్సెస్‌లో, ఫైళ్లను ఎవరు నడపాలో చెప్పే యాడ్‌హ్యాండ్లర్ వరుస పెడితే ఎక్కడైనా వెర్షన్ మారుతుందట. ఇది అన్నిటికంటే ప్రమాదకరం. ఆ వరుసలో ఉండే హ్యాండ్లర్ పేరు సీప్యానెల్ వంటి హోస్టింగ్ ప్యానెళ్లు తమ సర్వర్లో పెట్టుకున్నది. అదే ఫైలును ఆ పేరు ఎరగని అపాచీ మీదికి తెస్తే స్క్రిప్టు నడవదు, సోర్స్ కోడ్ ఉన్నదున్నట్టు బ్రౌజర్‌కు దిగుతుంది. కాన్ఫిగరేషన్ ఫైలు అయితే డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా! ఎంజిన్ఎక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్‌ను చదవనే చదవదు.

7.4ను వదలాలన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. దాని భద్రతా సవరణలు 2022 నవంబరు 28తో ఆగిపోయాయి. కానీ 8.0లో ఈచ్ ఫంక్షన్ పోయింది, సున్నాను అక్షరాల మాటతో పోల్చితే సమానమని చెప్పడం కూడా పోయింది, కాబట్టి కోడ్ చూసుకోకుండా మారడం కుదరదు. ఎక్స్‌టెన్షన్లు (పీహెచ్‌పీకి అదనంగా తగిలించే భాగాలు) కూడా వెర్షన్‌కు వేరుగా వేసుకోవాలి. డేటాబేస్‌తో మాట్లాడే 8.2 మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ మరిచిపోతే, సాకెట్ సరిగ్గా ఉన్నా వర్డ్‌ప్రెస్ మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్ లేదంటూ తెరుచుకోదు.