ఆ పిల్లను మాట్లాడనివ్వాల్సింది

మన ప్రవాస తెలుగు సంఘం డిసెంబరు సేవా దినాల ముగింపు సభ నాంపల్లి దగ్గర హాల్లో ఎలా జరిగిందో వచ్చినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. అన్నీ అయ్యేసరికి బాగా పొద్దుపోయింది. పిల్లల వంతు అప్పుడొచ్చింది. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తమకు ఇష్టమైన విషయం మీద మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడాలన్నది నియమం. విషయం ఏదైనా ఫరవాలేదని వాట్సాప్‌లో మన కార్యవర్గమే రాసింది.

మా తమ్ముడి కూతురికి పదిహేనేళ్లు. వాళ్ల ఊరికి దగ్గర్లో ఒక పార్కులో కొత్తగా కడుతున్న చెక్క రోలర్ కోస్టర్ గురించి, అంటే గుట్టల్లా ఎత్తుపల్లాలుగా వేసిన పట్టా మీద రైలు పరుగెత్తే రైడ్ గురించి మొదలుపెట్టింది. చట్రాలను నేల మీదే బిగించి క్రేన్‌తో ఎలా నిలబెడుతున్నారో చేతులతో చూపిస్తోంది. తెలుగు నెమ్మదిగా వస్తోంది, కానీ స్పష్టంగా వస్తోంది. అంతలో వేదిక మీది పెద్దాయన మైకు అందుకుని, "అమ్మా, ఇంత దూరం వచ్చింది జెయింట్ వీల్ సంగతి చెప్పడానికా? ఒక పద్యం వస్తే చెప్పు, మీ నానమ్మ సంతోషిస్తుంది" అన్నారు. హాలంతా నవ్వింది. పిల్ల "సారీ అంకుల్" అని దిగిపోయింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

పెద్దాయనది చెడ్డ మనసు కాదు. ఆయన పూనుకోబట్టే మన వైద్య శిబిరాలు ఏటా నడుస్తున్నాయి. పద్యం అడగడం కూడా తప్పు కాదు. పిల్లలు హైదరాబాద్‌లో ఉండేదే కొద్ది రోజులు, ఆ కాస్తలో నాలుగు పద్యాలు వినాలని నానమ్మలకు ఉంటుంది. ఇలాంటి రైడ్లంటే ఊళ్లో భయమూ ఉంది. 2025 జనవరిలో నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడిన వీడియో చూడనివాళ్లు లేరు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల ఏం చెప్పబోయిందో వినకుండా అది చిల్లర విషయమని తేల్చేశాం. దాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

మర్నాడు ఆమెను బోయిగూడ టింబర్ డిపోలకు తీసుకెళ్లాను. మా నాన్న అక్కడ లెక్కలు రాసేవారు. కోత మిషన్ మోత, చెప్పుల్లోకి చేరే రంపపు పొట్టు, గోడకు చేరేసిన పాత దర్వాజలు, తడి టేకు వాసన అన్నీ అలాగే ఉన్నాయి. నాన్నకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఇంకా పనిచేస్తున్నాడు. చాయ్ తెప్పించి, పిల్ల చేతిలోని ఫోన్ చూసి "ఏంది బిడ్డా అది?" అన్నాడు.

ఆమె ఫొటోలు చూపించింది. మేస్త్రీ కళ్లద్దాలు పెట్టుకుని వేళ్లతో పెద్దవి చేసుకుంటూ చూశాడు.

"టేకా?"

"కాదు తాతా, పైన్. చెద పట్టకుండా ప్రెషర్‌తో మందు ఎక్కిస్తారు."

"మేకులా, బోల్టులా?"

"రెండూ. చట్రాలకు బోల్టులు. పట్టా అంటే పలక మీద పలక, చాలా వరసలు. వాటికి మేకులు. అన్నిటికంటే పైన ఇనుప పట్టీ, చక్రాలు దాని మీద పోతాయి."

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. "వాన పడ్తె కట్టె ఉబ్బుతది గద. అప్పుడు పట్టా సక్కగ ఎట్లుంటది?"

ఆ ప్రశ్నతో పిల్ల మొహం వెలిగిపోయింది. రోజూ పార్కు తెరవకముందే మనుషులు పట్టా వెంట నడుస్తూ బోల్టులు, పలకలు చూస్తారనీ, అరిగిన చోట చలికాలంలో కొత్త పలకలు వేస్తారనీ చెప్పింది. రైలు పోతుంటే మొత్తం కట్టడం కొంచెం ఊగుతుందనీ, ఊగేటట్టే కడతారనీ చెప్పింది. "గట్లనే ఉండాలె" అన్నాడు మేస్త్రీ. "మరీ బిగిస్తె కట్టె పగుల్తది. నేను దర్వాజ నిలబెడితె సుత ఇంత జాగ ఇడుస్తా."

ఆ తర్వాత ఇద్దరినీ ఆపడం నా తరం కాలేదు. మొదటి గుట్ట ఎక్కేదాకే గొలుసు లాగుతుందనీ, అక్కణ్నుంచి ఇంజనుండదనీ, అందుకే తర్వాతి గుట్టలేవీ మొదటిదాని ఎత్తుకు రావనీ ఆమె వివరించింది. ఎక్కేటప్పుడు వినిపించే టకటక చప్పుడు రైలు వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కేలదట. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 1947లో కట్టిన కోస్టర్‌ను ముక్కముక్కకూ గుర్తులు వేసి విప్పి, పెన్సిల్వేనియాలోని కనోబెల్స్ పార్కుకు తెచ్చి 1985లో ఫీనిక్స్ పేరుతో మళ్లీ నిలబెట్టారని చెప్పింది. మేస్త్రీ తన వెనకున్న దూలాల వైపు చూపించాడు. పాత ఇళ్లు కూల్చేటప్పుడు టేకును వాళ్లూ అలాగే నంబర్లేసి విప్పుకొస్తారట. ఒక దూలం కొస మీద సుద్దతో రాసిన అంకె ఇంకా కనిపిస్తోంది. పిల్ల దానికి ఫొటో తీసుకుంది.

ముందురోజు హాల్లో మన పిల్లలకు తెలుగు రావడం లేదని ముగ్గురు వక్తలు బాధపడ్డారు. ఇక్కడ చాయ్ చల్లారేదాకా పదిహేనేళ్ల పిల్ల తెలుగులో మాట్లాడుతూనే ఉంది. ఎదుటి మనిషి మనసుపెట్టి అడిగితే మాట దానంతటదే వచ్చింది.

పిట్స్‌బర్గ్ వైపు ఉండే మన కుటుంబాలకు ఈ చెక్క కోస్టర్లు కొత్తేమీ కాదు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పులిహోర తిని, సాయంత్రం పిల్లల్ని కెన్నీవుడ్ వినోద పార్కుకు తీసుకెళ్లని ఇల్లు ఉందా? అక్కడి జాక్ రాబిట్ అనే చెక్క కోస్టర్ 1920 నాటిది. దాన్ని గీసిన జాన్ మిల్లర్ అంతకు ముందు ఏడాదే పట్టాను కిందనుంచి కూడా పట్టుకునే చక్రాలకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ చక్రాలున్నాయి కాబట్టే రైలు పైకి లేవబోయినా పట్టా వదలదు, గుట్టలను అంత ఏటవాలుగా కట్టగలిగారు. పెన్సిల్వేనియాలోనే ఆల్టూనాలో 1902లో కట్టిన లీప్ ద డిప్స్ కోస్టర్‌కు ఆ కింది చక్రాలు లేవు, అందుకే దాని గుట్టలు చిన్నవి, పరుగు నెమ్మది. ఇంత చరిత్ర ఆ పిల్ల నోటి చివర ఉంది. మనం మూడు నిమిషాలు ఇవ్వలేకపోయాం.

హైదరాబాద్‌కు ఇదంతా పరాయిదని అనుకోవడం కూడా సరికాదు. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వినోద పార్కు తెరిచినప్పటి నుంచి రీకాయిల్ ఎక్కని కాలేజీ పిల్లలు తక్కువ. ఉక్కు పట్టాల మీద ముందుకు వెళ్లి, అదే దారిన వెనక్కి వచ్చే కోస్టర్ అది. అంతకంటే ముందు మనకు నుమాయిష్ ఉంది. బావిలా కట్టిన మౌత్ కా కువాలో మోటార్ సైకిల్ గోడెక్కి తిరుగుతుంటే ఆ చెక్క పలకలు అదరడం, పై అంచున నిలబడ్డ మన అరికాళ్లకు ఆ అదురు తెలియడం నాంపల్లి చుట్టుపక్కల పెరిగినవాళ్లెవరూ మరచిపోరు. ఆ నుమాయిష్‌ను 1938లో మొదలుపెట్టింది ఉస్మానియా పట్టభద్రులు. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ దాని రాబడితో విద్యాసంస్థలు నడుపుతోంది. మన సభ్యురాళ్లలో కొందరు చదివిన సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అందులో ఒకటి. వినోదాన్నీ చదువునూ ఒకే ప్రాంగణంలో కలిపి ఉంచిన ఊరు మనది. ఆ ఊళ్లోనే ఒక పిల్ల ఉత్సాహం చూసి నవ్వామని తలుచుకుంటే నాకు కష్టంగా ఉంది.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వేసవి మహాసభల్లో పిల్లల అంశాన్ని బిజినెస్ ఫోరం, బాంక్వెట్ అయ్యాక మిగిలిన వేళలోకి తోసేయకండి, పొద్దున పెట్టండి. విషయం ఏదైనా సరే, మూడు నిమిషాలూ పిల్లలవే. ముందు వరసలో ఉన్న పెద్దలు ఒక్కో ప్రశ్న అడగండి. జవాబు తెలిసిన ప్రశ్న వద్దు, నిజంగా తెలుసుకోవాలనిపించినదే అడగండి. వచ్చే డిసెంబరులో సన్మానాలకు ఇచ్చే సమయం కొంచెం తగ్గించి, పిల్లల కోసం ఒక పొద్దున్న బోయిగూడకు, ఒక రోజు రావిర్యాలకు కేటాయించండి. పద్యం చెప్పాలనుకున్న పిల్లలు పద్యమే చెప్పనీ, వాళ్లకూ అంతే సమయం ఇద్దాం.

కార్యక్రమ పట్టిక అచ్చుకు వెళ్లకముందే దీని మీద నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను. డిపోకు పిల్లల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే పూచీ నాది. మేస్త్రీతో మాట్లాడి ఉంచాను, ఆదివారం తప్ప ఎప్పుడైనా రమ్మన్నాడు.